వేషం వేసుకున్న శివుడు: శ్రీకాళహస్తిలో రాయించుకున్న ఒక కలంకారీ తెర

శ్రీకాళహస్తిలో వ్రాతపని చేసే ఒక కుటుంబం చేత నేను రాయించుకున్న కలంకారీ తెర మీద ఈ సమీక్ష. తెర పొడవు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు, గడులు ఐదు, వెల 18,000 రూపాయలు. దశావతారాలో, రామ పట్టాభిషేకమో, కల్పవృక్షమో కావాలంటే సిద్ధంగా మడతపెట్టి ఉంచిన గుడ్డల్లో నచ్చినది తెచ్చుకోవచ్చు గానీ, నేను అడిగింది వాటిలో లేదు. శివుడు తానెవరో చెప్పకుండా మరొకరి వేషంలో ఒక మనిషి ముందుకు వచ్చి నిలబడిన ఐదు సందర్భాలు ఒకే తెర మీద కావాలన్నాను. పనివారు కాసేపు ఆలోచించి, నాలుగు తమకు తెలుసునని, శంకరాచార్యుల కథ మాత్రం ఇంతకుముందు ఎన్నడూ వేయలేదని నిజాయితీగా చెప్పారు. ఆ మాటతోనే నాకు వారి మీద నమ్మకం కుదిరింది.

అవతారానికీ మారువేషానికీ ఉన్న తేడాను ముందుగా చెప్పుకోవాలి. రాముడిగానో కృష్ణుడిగానో దిగివచ్చిన దేవుడు పుట్టుక, బాల్యం, పెళ్లి, యుద్ధం, నిర్యాణం అన్నీ అనుభవించి వెళతాడు. అది లోకమంతటి కోసం. శివుడి మారువేషం అలాంటిది కాదు. అది ఒక్క పూట ఉంటుంది, ఒక్కరి కోసమే ఉంటుంది, ఆ ఒక్కరూ గుర్తుపట్టిన క్షణాన రాలిపోతుంది. కావ్యంలో దీనిని చెప్పడం తేలిక, ఎందుకంటే కవి మన చెవిలో ‘వచ్చినవాడు శివుడు’ అని చెప్పి, అర్జునుడికి చెప్పకుండా ఊరుకోగలడు. బొమ్మ వేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతను వేసే శరీరం ఒక్కటే. దానిని మనమూ చూస్తాం, బొమ్మలోని అర్జునుడూ చూస్తాడు. మనం గుర్తుపట్టాలి, అర్జునుడు గుర్తుపట్టకూడదు. మూడో కన్ను, నెలవంక, గంగ, పాము, నీలి మెడ అన్నీ తీసేస్తే మిగిలేది ఎవరో ఒక వేటగాడు. అన్నీ ఉంచేస్తే అర్జునుడు తెలివితక్కువవాడిలా కనబడతాడు. ఈ ఇరకాటంలో నుంచి పనివారు ఎలా బయటపడతారో చూడాలన్న కుతూహలమే నా చేత ఈ తెర రాయించింది. మూడు గడుల్లో వారు బయటపడ్డారు, ఒకదాంట్లో తప్పించుకున్నారు, ఒకదాంట్లో పడిపోయారు.

మొదటి గడి కిరాతార్జునీయం. పాశుపతం కోసం అర్జునుడు హిమాలయాల్లో తపస్సు చేస్తుండగా, మూకాసురుడు పంది రూపంలో దూసుకురావడం, అర్జునుడూ కిరాతుడూ ఒకేసారి దానిని కొట్టడం, వేట ఎవరిదన్న తగవు యుద్ధంగా ముదరడం తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేని కథ. విజయవాడ ఇంద్రకీలాద్రికి ఈ కథతో ముడి ఉండటం వల్ల మనకు అది ఎక్కడో హిమాలయాల్లో జరిగినట్టు కూడా అనిపించదు. మామూలుగా ఈ బొమ్మలో విల్లులు ఎక్కుపెట్టి నిలబడ్డ ఇద్దరినీ, వారి నడుమ పడి ఉన్న పందినీ వేస్తారు. ఈ పనివారు ఆ ఘట్టాన్ని కాదని, భారతంలో దాని తరువాత వచ్చే ఘట్టాన్ని తీసుకున్నారు. తరగని అమ్ములపొదులు ఖాళీ అయిపోయి, గాండీవం ఎదుటివాడి చేతిలోకి పోయి, కత్తి ముక్కలై, చెట్లతోనూ రాళ్లతోనూ చివరికి పిడికిళ్లతోనూ కొట్టి, దెబ్బతిని పడిపోయి, తెలివి వచ్చిన అర్జునుడు మట్టితో ఒక వేదిక కట్టి శివుణ్ణి పూలమాలతో పూజిస్తాడు. ఆ మాల కిరాతుడి తల మీద కనబడుతుంది.

తెర మీద అర్జునుడి భుజాన ఉన్న పొదిలో ఒక్క బాణం కూడా లేదు. మట్టి వేదిక మీద మాల లేదు. మాల ఉండవలసిన చోట గుడ్డను రంగు వేయకుండా వదిలేశారు. కిరాతుడి ఒంటి రంగు అతని వెనకున్న వేటగాళ్ల ఒంటి రంగే. అయితే అతని జుట్టు ముడిలో పంది కోర ఒకటి గుచ్చి ఉంది. తెల్లగా, వంకరగా, కొప్పుకు ఎడమ పక్కన, సరిగ్గా నెలవంక ఉండే చోట. నెలవంకను దాచలేదు, దానికి వేటగాడి పేరు పెట్టారంతే. పక్కన ఎరుకల స్త్రీ వేషంలో పార్వతి ఉంది. గడిలో ఉన్న ఏడుగురిలో నవ్వుతున్నది ఆమె ఒక్కతే. భారతంలో కూడా ఉమ తన భర్తలాంటి వేషమే వేసుకుని వెంట వచ్చిందని ఉంది గనుక అది పనివారి కల్పన కాదు. ఆ నవ్వు మాత్రం వారిదే.

ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆపేది ఆ మాల. అర్జునుడు ఒకవైపు కిరాతుణ్ణి కొడుతున్నాడు, మరోవైపు శివుణ్ణి కొలుస్తున్నాడు. అవి రెండు వేర్వేరు పనులని అతని నమ్మకం. వేసిన మాల వెళ్లి పడిన చోటును బట్టి, తాను దెబ్బలు కొట్టినదీ పూలు వేసినదీ ఒకరికేనని అతనికి తెలిసింది. ఇదే కథ మీద భారవి రాసిన సంస్కృత కావ్యంలో ఈ ముగింపు లేదు. అక్కడ పైకెగిరిన కిరాతుడి కాళ్లను అర్జునుడు పట్టుకోవడంతో శివుడు ప్రత్యక్షమవుతాడు. కాళ్లు పట్టుకోవడం బొమ్మకు బాగా పనికివచ్చే ఘట్టమే అయినా, పనివారు వ్యాసుణ్ణి ఎంచుకోవడం నాకు సరైన నిర్ణయమనిపించింది. వేటగాడి కథను కాళహస్తి వారు తేలిగ్గా తీసుకోలేరు కూడా. నోటితో తెచ్చిన నీళ్లతో అభిషేకం చేసి, కన్ను పెకలించి తిన్నడు ఇచ్చింది వారి ఊరి స్వామికే. ఆ కన్నప్పే వెనకటి జన్మలో అర్జునుడని అక్కడ చెప్పుకుంటారు. కిరాతుణ్ణి చిన్నచూపు చూసినవాడు కిరాతుడై పుట్టాడన్న ఆ లెక్క ఎవరు వేశారో గానీ, చాలా కచ్చితంగా వేశారు.

రెండో గడి తెర మొత్తానికీ తలమానికం. తపస్సులో ఉన్న పార్వతి దగ్గరకు శివుడు బ్రహ్మచారిగా వచ్చి, శివుణ్ణే తిట్టే ఘట్టం. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గ దీనికి మూలం. మనం వ్యాయామశాలల గోడల మీద కూడా చూసే ‘శరీరమాద్యం ఖలు ధర్మసాధనమ్’ అన్న మాట ఆ సర్గలోదే, అదీ మారువేషంలో ఉన్న ఈ బ్రహ్మచారి నోటి నుంచి వచ్చిందే. ఒంటిని ఎండబెట్టుకుంటున్న పార్వతిని కుశలమడుగుతూ అన్నాడు. ఆ సందర్భం తెలిశాక ఆ మాటలో ఉపదేశం కన్నా కొంటెతనం ఎక్కువగా వినబడుతుంది.

గడిలో పార్వతి వెళ్లిపోవడానికి ఒక కాలు ఎత్తింది. ఆ కాలు ఇంకా నేలకు ఆనలేదు. పోనూ లేదు, నిలవనూ లేదు అన్న కాళిదాసు మాటకు ఇంతకన్నా సూటి బొమ్మ ఉండదు. బ్రహ్మచారి చేతిలో మోదుగ దండం, భుజాన జింకచర్మం, నడుముకు ముంజిగడ్డితో పేనిన మొలతాడు. ఇందులో గుర్తు ఎక్కడా లేదని మూడు రోజులు అనుకున్నాను. నాలుగో రోజు ఉదయం కిటికీలోంచి పక్కవాటు వెలుతురు పడినప్పుడు ఆ మొలతాడు కొస కనబడింది. గడ్డి పేటల గీతలు కొసకు వచ్చేసరికి సన్నని పొలుసులుగా మారాయి. చివర ఆవగింజంత కన్ను. చెప్పకుండా చేసిన పని అది. తెర అప్పగించేటప్పుడు కూడా పనివారు దాని ఊసెత్తలేదు.

ఈ ఘట్టంలో గమనించవలసినది ఒకటుంది. బ్రహ్మచారి శివుడి మీద చెప్పిన దోషాల్లో అబద్ధమన్నది లేదు. వాడు శ్మశానంలో తిరుగుతాడు, బూడిద పూసుకుంటాడు, పాములు చుట్టుకుంటాడు, పుట్టుక తెలియదు, కట్టుకోవడానికి గుడ్డ లేదు. పార్వతి కూడా వీటిలో దేనినీ కాదనదు; వాటికి అర్థం వేరని మాత్రమే అంటుంది. ఈ ఐదు కథలూ వరసగా పెట్టుకుని చూస్తే ఇదే వరుస కనబడుతుంది. కిరాతుడు ‘పందిని నేను కొట్టాను’ అన్నాడు, అది నిజం. కాశీలో ఎదురైన చండాలుడు అడిగినవి ప్రశ్నలు. చిరుతొండనంబి ఇంటికి వచ్చిన అతిథి ‘నీ కొడుకును పిలువు’ అన్నాడు, పిలిస్తే వాడు వచ్చాడు. వేషం ఎదుటివాడి కంటిని మోసం చేస్తుందే గానీ, వేషంలో పలికిన మాట ఎక్కడా మోసం చేయదు. కపట సన్యాసిగా వచ్చిన రావణుడి వేషానికీ దీనికీ ఉన్న దూరం అంతా అక్కడే ఉంది. రావణుడు దాగింది సీతను ఎత్తుకుపోవడానికి. శివుడు దాగడం, తాను దేవుడని తెలిస్తే ఎదుటివారు చూపించని దానిని చూడటానికి. దేవుడి ముందు ఎవరైనా మర్యాదగానే ఉంటారు. దారిన పోయే వేటగాడి ముందు, వాగుడుకాయ బ్రహ్మచారి ముందు, గంగ ఒడ్డు ఇరుకు సందులో అడ్డం వచ్చినవాడి ముందు ఎలా ఉంటారన్నదే లెక్క.

ఆ చివరి మాటే మూడో గడి. అది చెడింది. కాశీలో గంగకు వెళుతున్న శంకరాచార్యులకు నాలుగు కుక్కలతో ఒక చండాలుడు ఎదురుపడ్డాడు. ‘తప్పుకో’ అంటే, అతను ‘ఏది తప్పుకోవాలి? అన్నంతో అయిన ఈ దేహం అన్నంతో అయిన ఆ దేహం నుంచి తప్పుకోవాలా, చైతన్యం చైతన్యం నుంచి తప్పుకోవాలా? గంగ నీళ్లలో కనబడే సూర్యుడికీ, మా వాడలో మురికి గుంటలో కనబడే సూర్యుడికీ తేడా ఏమిటి?’ అని అడిగాడు. శంకరులు చెప్పిన జవాబే మనీషాపంచకం. ఈ ఎరుక ఉన్నవాడు చండాలుడైనా ద్విజుడైనా నాకు గురువేనని మొదటి రెండు శ్లోకాల చివరా తేల్చి చెబుతారు. ఆ తరువాతే శివుడు కనబడ్డాడు, కుక్కలు నాలుగు వేదాలయ్యాయి. వరుస ముఖ్యం: నమస్కారం ముందు, దర్శనం తరువాత. శివుడని తెలిసి మొక్కి ఉంటే అందులో శంకరుల గొప్పా లేదు, ఆ ప్రశ్నకు పదునూ లేదు. నిజంగా ఆ పూట ఎదురైనవాడు వట్టి చండాలుడే అయి ఉంటే ప్రశ్న ఏమైనా మారేదా? మారేది కాదు. ‘ఆయన శివుడు కాబట్టి సరిపోయింది’ అని ఊపిరి పీల్చుకునే వ్యాఖ్యానాలు చాలా విన్నాను. అలా ఊపిరి పీల్చుకోవడానికి ఆ శ్లోకాలు చోటివ్వవు.

పనివారు ఈ గడిలో చండాలుడి తల వెనక పెద్ద ప్రభామండలం వేశారు. పసుపు రంగు, చుట్టూ ఎర్రని అంచు, బయటికి చిమ్ముతున్న కిరణాలు. అది చాలదన్నట్టు కింద తెలుగు అక్షరాలతో ‘పరమశివుడు చండాల రూపమున వచ్చుట’ అని రాశారు. గడుల కింద కథను తెలుగులో రాయడం కాళహస్తి వ్రాతపనిలో పాత ఆనవాయితీయే, తక్కిన గడుల్లో అది అందంగానే ఉంది. ఇక్కడ మాత్రం శంకరులు ఇంత వెలుగును ఎదురుగా పెట్టుకుని ‘తప్పుకో’ అంటున్నట్టు ఉంది. తెర తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ మాటే అన్నాను.

‘చక్రం లేకుంటే ఈయనెవరో జనాలకు ఎట్ల తెలుస్తుంది సార్?’ అన్నాడు పెద్దాయన.

‘తెలియకూడదనే కదండీ నేను అడిగింది.’

‘శంకరాచార్యులకు తెలియకూడదు. కొనుక్కునే మీకు తెలియాల గదా?’

ఆ వాదంలో బలం లేకపోలేదు. నేను మొదట్లో చెప్పిన ఇరకాటాన్నే ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. చెరపడం కుదరదు, కసిమి అనే నల్లరంగుతో గీసిన గీత గుడ్డ ఉన్నంతకాలం ఉంటుంది. గడి వరకూ కత్తిరించి కొత్తది కుట్టడానికి నేను ఒప్పుకోలేదు.

నాలుగో గడి గురించి రాయడం కష్టం, ఎందుకంటే ఆ కథే కష్టం. శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన చిరుతొండనంబికి శివభక్తుడైన అతిథికి పెట్టనిదే తాను తినని వ్రతం ఉంది. తపసి వేషంలో వచ్చిన శివుడు నరమాంసం అడిగి, అదీ తల్లిదండ్రులు తమ కొడుకునే కోసి వండాలని అంటాడు. తీరా వడ్డించాక, ఇంటివాడి కొడుకు పంక్తిలో కూర్చోనిదే తిననని మొండికేస్తాడు. దీనిని భక్తికి పరీక్ష అని దాటేసేవారిని చూస్తే నాకు విసుగు. అదే ఘట్టాన్ని చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో చూసి ఏడ్చిన మనిషిని. ఇప్పటికీ ఆ కోరిక నాకు మింగుడుపడదు. నాకు అందినంత వరకు ఆ కథ బరువు కోయడంలో లేదు, పిలవడంలో ఉంది. కొడుకు లేడని తమ చేతులకే తెలిసిన తల్లిదండ్రులు వీధిలోకి వచ్చి వాడి పేరు పెట్టి పిలవడం అన్నది కోసి వండటం కన్నా కఠినమైన పని. పనివారు రక్తం, కత్తి, పొయ్యి ఏవీ వేయలేదు. మూడు విస్తళ్లు పరచి ఉన్నాయి, మూడోదాని ముందు ఎవరూ లేరు, గడప దగ్గర తల్లి బయటికి చూస్తూ నోరు తెరిచి ఉంది. అతిథి ముఖం మనకు కనబడదు. అటు తిరిగి కూర్చున్నాడు. శివుణ్ణి దాచడానికి ఇంతకన్నా తేలికైన ఉపాయం లేదు, ఇంతకన్నా బాగా పనిచేసేదీ లేదు.

ఐదోది దారువనంలో భిక్షాటనమూర్తి. యజ్ఞాలు చేస్తున్నాం గనుక ఈశ్వరుడితో పని లేదనుకున్న మునుల ఆశ్రమాలకు, చూసినవారు మైమరచేటంత అందగాడైన బిచ్చగాడిగా శివుడు వెళ్లిన కథ. కథ ప్రకారం ఆయన దిగంబరుడు. ఇక్కడ నడుముకు పులిచర్మం కట్టారు, చేతి వేళ్ల వైపు గెంతే జింకపిల్లను మాత్రం శిల్పాల్లో ఉన్నట్టే వేశారు. నట్టింట వేలాడే గుడ్డ గనుక తప్పుబట్టను గానీ, కథలో ఉన్న ఇబ్బందిని తప్పించాక మిగిలింది సగటు బొమ్మ. చోటు నింపడానికి వేసినట్టుంది.

ఇక పనితనం. మచిలీపట్నం వైపు అచ్చులతో అద్దే పనికీ కాళహస్తి పనికీ పోలిక పెట్టకూడదు. ఇక్కడ ప్రతి గీతా వెదురు కలంతో చేత్తో గీసిందే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డ మీద, చింతబరికల బొగ్గుతో ముందు ఆకారం వేసుకుని, ఆ తరువాత కసిమి పెడతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ఆ ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా వింత. ఎరుపు రావలసిన చోట ఎర్రరంగు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. నేను మధ్యలో ఒకసారి వెళ్లేసరికి పార్వతి చీర మీద పెద్దాయన కోడలు అదే చేస్తోంది; తడి ఆరిపోయాక చీర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నాకు తెలియలేదు, ఆమెకు తెలుసు. ఆ గుడ్డను రంగు కాగుతున్న నీళ్లలో వేసి ఉడికిస్తే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టి నిలుస్తుంది, తక్కినదంతా ఉతుకులో పోతుంది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. రెండున్నర నెలల్లో ఇస్తామన్నారు, మరో నెల పట్టింది. వానలు పడి గుడ్డ ఆరలేదన్నారు, ఈ పనికి ఎండ ఎంత అవసరమో చూశాను గనుక నమ్మాను. కుడి కింది మూల నీలం అంచు దాటి అరచేతి మేర పాకింది. పాల వాసన మొదటి మూడు వారాలు గదిలో తెలుస్తూనే ఉంటుంది, ఆ తరువాత పోతుంది. నేరుగా ఎండ తగిలే గోడకు వేలాడదీయవద్దు. దుమ్ము దులపడమే తప్ప యంత్రంలో వేసి ఉతకవద్దు. వెల ఎక్కువా అని అడిగేవారికి, నలుగురు మనుషులు మూడున్నర నెలల పాటు తీరికను బట్టి చేసిన పనికి ఇది తక్కువేనని నా అభిప్రాయం. బేరం ఆడలేదు, ఆడమని సలహా కూడా ఇవ్వను.

మూడో గడి మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉండటంతో, రెండు నెలల తరువాత ఆ ఒక్క ఘట్టాన్నే అడుగున్నర పొడవు గుడ్డ మీద మళ్లీ రాయమని ఫోన్ చేశాను. చక్రం వద్దు, కింద అక్షరాలు కూడా వద్దన్నాను. పెద్దాయన నవ్వి, 2,500 అవుతుందన్నాడు. ఈసారి వచ్చిన గుడ్డలో నల్లని ఒంటి మనిషి, భుజాన కర్ర, తాళ్లు లేకుండా వెంట నిలబడ్డ నాలుగు కుక్కలు, ఎదురుగా చేయి పైకెత్తిన యువ సన్యాసి ఉన్నారు. ఎత్తిన ఆ చేయి ‘తప్పుకో’ అంటోందో, నమస్కారానికి కదలబోతోందో చెప్పలేం. ఎంత వెతికినా ఆ మనిషి ఒంటి మీద కోర లేదు, పొలుసు లేదు. దానిని వీధి గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి ఎదురుగా పెట్టాను. కరెంటు పని మీద వచ్చిన కుర్రాడు మొన్న దాని ముందు ఆగి, ‘ఎవరండీ ఈయన, కుక్కలాయన?’ అని అడిగాడు. పెద్దాయనకు ఫోన్ చేసి ఆ ప్రశ్న వినిపించాను.